కొబ్బరికాయకీ గుమ్మడికాయకీ మధ్య

హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఏ సందులోకి తిరిగినా ఒక జిరాక్స్ షాపు కనిపిస్తుంది. అన్ని ఊళ్లలోలాగే అక్కడా ఆధార్ కార్డులు, అద్దె అగ్రిమెంట్లు, పరీక్షల హాల్ టికెట్లు ప్రింటు తీస్తుంటారు. వాటి మధ్యలోంచి, వేరే చోట అంతగా కనిపించని కాగితం ఒకటి తరచూ బయటికొస్తుంది. పైన ఓ మూల ఫొటో. కింద పేరు, ఎత్తు, బరువు, వచ్చిన భాషలు. ఆ కింద ‘పనిచేసిన సినిమాలు’. చాలా కాగితాల్లో తెల్లటి చోటు ఎక్కువగా మిగిలేది ఇక్కడే.

సినిమాల్లో పని కోసం రాసుకునే రెజ్యూమే అది.

మిగతా ఉద్యోగాలకి రాసే కాగితానికీ దీనికీ తేడా ఏమిటో కాసేపు అక్కడ నిలబడితే తెలిసిపోతుంది. బ్యాంకు పరీక్షకి వెళ్లేవాళ్లు సర్టిఫికెట్లు పట్టుకొస్తారు, అందులో ఉన్నది ఎక్కించుకుని వెళ్లిపోతారు. ఈ పిల్లల చేతిలో చూసి రాయడానికి ఏమీ ఉండదు. ‘‘అన్నా, అది రిలీజ్ కాలేదు, వేయొచ్చా?’’ ‘‘దాంట్లో ఒక్క షెడ్యూలే చేశా, అసిస్టెంట్ అని పెట్టాలా, అప్రెంటిస్ అని పెట్టాలా?’’ అని టైపు కొట్టే ఆయన్నే అడుగుతుంటారు. ఆయన ఏ సినిమాకీ పనిచేసి ఉండడు. అయినా ఏళ్ల తరబడి ఇవే కాగితాలు కొట్టీ కొట్టీ ఒక అంచనా వచ్చేసి ఉంటుంది. ఆయన ఊ అంటే వేయొచ్చనే లెక్క.

తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో ఈ కాగితం అవసరం ఇంతగా ఉండేది కాదు. సెంట్రల్ స్టేషన్లో రైలు దిగినవాడి జేబులో మహా అయితే ఒక సిఫారసు ఉత్తరం ఉండేది. ఈ కుర్రవాడు మావాడే, నాటకాలు బాగా వేస్తాడు, కాస్త చూడగలరు అని రెండు ముక్కలు. అది రాసింది ఊరి కరణంగారో, కాలేజీ తెలుగు మాస్టారో, సినిమావాళ్లకి దూరపు చుట్టమో అయ్యుంటారు. ఆ ఉత్తరం చెమటకి తడిసి మడతల దగ్గర చిరిగిపోయేదాకా టీనగర్ వీధుల్లో తిరగడం, అలిసిపోతే పానగల్ పార్కులో కూర్చోవడం, కోడంబాక్కంలో స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్‌ని మంచి చేసుకోవడం. ఆ తరంవాళ్ల జ్ఞాపకాల్లో ఈ పేజీలు తప్పకుండా తగులుతుంటాయి.

ఆ ఉత్తరం కూడా లేకుండా వెళ్లినవాళ్లున్నారు. అక్కినేని నాగేశ్వరరావుగారిని ఘంటసాల బలరామయ్యగారు చూసింది బెజవాడ రైల్వే స్టేషన్లో. అప్పటికి ఆయన నాటకాల్లో ఆడవేషాలు వేసే కుర్రాడు. చదువు ప్రాథమిక పాఠశాల దగ్గరే ఆగిపోయింది. విద్యార్హత ఒక వరస, అనుభవం ఒక వరస రాసి పోస్టులో పంపి ఉంటే, ‘శ్రీ సీతారామ జననం’లో రాముడి వేషానికి 1944లో ఆయన్ని ఎవరైనా పిలిచేవాళ్లా అనిపిస్తుంది.

పెద్దవాళ్ల జీవితాలని ఇలా కాగితం మీద పెట్టి చూడటం నాకొక సరదా. తోచనప్పుడు మనసులోనే వాళ్ల రెజ్యూమే రాస్తుంటాను. ఎల్వీ ప్రసాద్‌గారిదే చూడండి. ఏలూరు దగ్గర సోమవరప్పాడు ఆయనది. 1930లో చేతిలో వంద రూపాయలతో ఇంట్లో చెప్పకుండా బొంబాయి వెళ్లిపోయారు. సినిమా కంపెనీలో చిల్లర పనులు చేశారు. సినిమా హాల్లో గేటు దగ్గర టికెట్లు చూశారు. మధ్యలో చిన్న చిన్న వేషాలు. ఆ వేషాలు వేసిన సినిమాల పేర్లు ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’. హిందీలో మొదటి టాకీ, తమిళానికి మొదటిది, తెలుగుకి మొదటిది. మూడింటిలోనూ ఉన్న మనిషి ఇంకెవరున్నారు? కానీ ఆ రోజున ఆయన దాన్ని కాగితం మీద పెట్టుకుని ఉంటే, చదివినవాళ్లకి కనిపించేది మూడు చిన్న వేషాలు, ఒక గేటు ఉద్యోగం. తర్వాత ఆయన దర్శకుడయ్యారు, స్టూడియో అధిపతయ్యారు, ఫాల్కే అవార్డు అందుకున్నారు. హైదరాబాద్‌లో కళ్లు చూపించుకోవడానికి వెళ్లేవాళ్లలో చాలామంది ఇవాళ ఆయన పేరున్న ఆసుపత్రికే వెళ్తున్నారు.

ఎస్వీ రంగారావుగారిది మరో రకం. డిగ్రీ చదివి, అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశారు. అది వదిలేసి ‘వరూధిని’లో ప్రవరాఖ్యుడి వేషం వేశారు. సినిమా ఆడలేదు. ఏం చేస్తారు, జంషెడ్‌పూర్ వెళ్లి టాటా వాళ్ల దగ్గర ఉద్యోగంలో చేరిపోయారు. ఇప్పటి ఇంటర్వ్యూల్లో అయితే ‘ఈ గ్యాప్ ఎందుకొచ్చింది?’ అని గుచ్చి గుచ్చి అడిగేవాళ్లు. అగ్నిమాపక శాఖకీ ప్రవరుడికీ జంషెడ్‌పూర్‌కీ పొంతన ఏమిటని నొసలు చిట్లించేవాళ్లు. కొన్నాళ్లకి మద్రాసు నుంచి మళ్లీ పిలుపొచ్చింది. ‘షావుకారు’లో సున్నపు రంగడు, ఆ మరుసటి ఏడాదే, 1951లో, ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు. ఇక ఆయన అనుభవం గురించి అడిగినవాళ్లు లేరు.

సావిత్రిగారి మొదటి పేజీ చూస్తే మనసు కలుక్కుమంటుంది. ‘సంసారం’లో నాయిక వేషానికి తీసుకుని, తర్వాత మార్చేశారు. అదే సినిమాలో ఓ చిన్న వేషంలో కనిపిస్తారామె. ‘పాతాళభైరవి’లో ఒక నాట్యం. అంతవరకే రాసి కాగితం ఆపితే ఏమని చదువుతాం? నాయికగా పనికిరాదనుకున్న అమ్మాయి అనే కదా. ఆమె నాయికగా ‘దేవదాసు’ వచ్చింది 1953లో. ‘సంసారం’కీ దానికీ మధ్య గట్టిగా మూడేళ్లు.

ఇంకో చిన్న విషయం. చిరంజీవిగారు మొదట నటించింది ‘పునాదిరాళ్లు’లో. ముందు విడుదలైంది మాత్రం 1978లో వచ్చిన ‘ప్రాణం ఖరీదు’. మరి రెజ్యూమేలో ఏది మొదట రాయాలి? జిరాక్స్ షాపులో పిల్లలు టైపు కొట్టే ఆయన్ని అడిగే ప్రశ్నే ఇది, ఎవరికైనా తప్పనిది. అదే ‘ప్రాణం ఖరీదు’తో కోట శ్రీనివాసరావుగారూ సినిమాల్లోకి వచ్చారు. ఒకరు ఇన్‌స్టిట్యూట్‌లో నటన నేర్చుకుని వచ్చినవారు, మరొకరు నాటకాలాడే బ్యాంకు ఉద్యోగి. ఒకే సినిమా, ఒకే ఏడాది, ఇద్దరి కాగితాలూ ఎక్కడా కలవవు.

దరఖాస్తు పెట్టుకుని హీరో అయిన కథ కూడా మనకొకటి ఉంది. ఆదుర్తి సుబ్బారావుగారు ‘తేనె మనసులు’ తీద్దామనుకున్నప్పుడు, కొత్తవాళ్లు కావాలని పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. ఊరూరి నుంచీ ఫొటోలు వెళ్లాయి. అలా పంపినవాళ్లలో ఏలూరులో డిగ్రీ చదివిన కృష్ణగారు ఒకరు. 1965లో సినిమా వచ్చింది. ఆ రోజుల్లో ఫొటో దిగడమంటే చిన్న విషయం కాదు. స్టూడియోకి వెళ్లాలి, తల నున్నగా దువ్వుకోవాలి, పక్కకి తిరిగి ఒకటి, ఎదురుగా ఒకటి, నవ్వుతూ ఒకటి. కవరు మీద మద్రాసు చిరునామా రాసి, పోస్టు డబ్బాలో వేసి, రోజూ పోస్టుమన్ సైకిల్ గంట కోసం చెవులు రిక్కించి కూర్చున్న కుర్రాళ్లు అప్పట్లో ఎన్ని ఊళ్లలో ఉండి ఉంటారో! వాళ్లలో చాలామంది తర్వాత మాస్టార్లూ గుమాస్తాలూ అయ్యుంటారు. ఆ మూడు ఫొటోలూ ఏ ట్రంకు పెట్టె అడుగునో ఉండిపోయి, ఎప్పుడో మనవళ్ల కంట పడి ఉంటాయి.

ఇప్పుడు ఫొటోకి కష్టం లేదు. ఫోన్లోనే నిమిషం వీడియో తీసి పంపమంటారు. పేరు చెప్పాలి, ఎత్తు చెప్పాలి, ఎడమకి తిరగాలి, కుడికి తిరగాలి, రెండు చేతులూ చూపించాలి. ఈ కుడిఎడమలు తిరగడం హాస్టల్ గదిలో రూమ్మేట్ల మధ్య చేయాల్సి రావడం కొంచెం ఇబ్బందే. అందుకే పొద్దున్నే వెలుతురు బాగున్నప్పుడు మేడ మీదికి వెళ్తారు. వెనకాల ఎవరివో ఆరేసిన దుప్పట్లు కనిపిస్తుంటాయి.

తెర వెనక పనిచేసేవాళ్ల కాగితం ఇంకోలా ఉంటుంది. వేరే ఉద్యోగాల్లో కంపెనీ పేరు ముందుంటుంది. ఇక్కడ మనిషి పేరు. ఫలానా దర్శకుడి దగ్గర, ఫలానా కెమెరామన్ దగ్గర, ఫలానా ఎడిటర్ దగ్గర. సంగీతం నేర్చుకున్నవాళ్లు గురువుగారి పేరు చెప్పుకునే పద్ధతే అనుకోండి. ఆదుర్తిగారి దగ్గర కె. విశ్వనాథ్‌గారు, రామ్‌గోపాల్ వర్మ దగ్గర కృష్ణవంశీ, కృష్ణవంశీ దగ్గర రవితేజ. ఈ వంశవృక్షం అందరికీ కంఠస్థం. విశ్వనాథ్‌గారైతే అంతకుముందు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో పనిచేశారు. పెద్ద దర్శకుడయ్యాక కూడా సెట్లోకి ఖాకీ బట్టల్లోనే వచ్చేవారు. రెజ్యూమేలో మొదటి వరసని ఒంటి మీద వేసుకుని తిరిగినట్టు ఉంటుంది నాకు ఆ ఫొటోలు చూస్తుంటే.

మనిషి పేరు రాశామంటే, చదివేవాళ్లు ఆ మనిషికి ఫోన్ చేస్తారు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే గొడవపడి బయటికొచ్చిన దర్శకుడి పేరు రాయాలా వద్దా అని కొందరు రాత్రంతా మథనపడతారు. రాస్తే ఆయన ఏం చెబుతాడో అని భయం. రాయకపోతే రెండేళ్లు ఎగిరిపోతాయి.

పేరు పడటం అన్నది మరో పెద్ద కథ. టైటిల్స్‌లో పేరు పడితేనే ఆ సినిమాకి పనిచేసినట్టు రుజువు. కానీ పని చేసిన అందరి పేర్లూ పడవు. జూనియర్ ఆర్టిస్టుల పేర్లు వేసే అలవాటు ఎప్పుడూ లేదు. మధ్యలో చేరినవాళ్లవి మర్చిపోతారు, మధ్యలో వెళ్లిపోయినవాళ్లవి తీసేస్తారు. ఇంకొకరి పేరు మీద మాటలు రాసిపెట్టే కుర్రాళ్లు సరేసరి. తను రాసిన డైలాగుకి హాలంతా ఈలలు వేస్తుంటే చీకట్లో కూర్చుని వింటారు, పక్కనున్నవాళ్లకి చెప్పుకోలేరు. ఆ ఈలల్ని రెజ్యూమేలో ఏ వరసలో రాస్తారు?

పేరు పడుతుందన్న ఆశ ఉన్నప్పుడు ఊళ్లో సందడి చూడాలి. అమ్మానాన్నా, మేనత్తలూ, స్నేహితులూ మొదటి ఆటకి వెళ్తారు. సినిమా అయిపోతుంది. జనం లేచిపోతుంటారు. వీళ్లు మాత్రం కూర్చునే ఉంటారు. తెర మీద చిన్న అక్షరాలు గబగబా పైకి వెళ్లిపోతుంటాయి. హాలువాళ్లు లైట్లు వేసేస్తారు, తలుపులు తీసేస్తారు. ‘‘కనిపించిందా?’’ ‘‘ఏదో కనిపించినట్టే ఉంది.’’ అమ్మకి కనిపించకపోయినా కనిపించిందనే చెబుతుంది.

ఓటీటీలు వచ్చాక ఈ బాధ కొంత తగ్గింది. అక్షరాలు పైకి వెళ్తున్నప్పుడు ఆపొచ్చు. ఆపి, వేలితో పెద్దది చేసి, స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు. ఇప్పుడు చాలామంది ఆ స్క్రీన్‌షాట్‌నే రెజ్యూమేకి జత చేస్తున్నారు. అక్షరాలు మసకగా ఉంటాయి, చుట్టూ ఎర్ర గీత గీసి ఉంటుంది. కాకపోతే పేర్లు మొదలవగానే ఇంకో సినిమా చూడమని పక్కన బొమ్మ వచ్చేస్తుంది. చప్పున దాన్ని మూయాలి. ఆ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్‌లో చెప్పి చెప్పి నేర్పుతుంటారు.

ఇక ఆగిపోయిన సినిమాలు. సినిమా మొదలుపెట్టేటప్పుడు కొబ్బరికాయ కొడతారు. షూటింగ్ అంతా పూర్తయిన రోజున గుమ్మడికాయ కొడతారు. కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయ దాకా వెళ్లని సినిమాలు ఎన్నో ఉంటాయి. డబ్బు అయిపోయి కొన్ని, హీరో డేట్లు దొరక్క కొన్ని, భాగస్వాములు విడిపోయి కొన్ని. గుమ్మడికాయ కూడా కొట్టేసి, ఆ తర్వాత హాలు దాకా రానివి మరికొన్ని. పత్రికల్లో ప్రారంభోత్సవం ఫొటో వస్తుంది. ఆగిపోయిన రోజున ఎవరూ ఫొటో తీయరు, ఎవరూ వచ్చి ఆగిపోయిందని చెప్పరు కూడా. ‘వచ్చే నెల షెడ్యూల్’ అంటారు. వచ్చే నెల వస్తుంది, పోతుంది. ఆఫీసు బోర్డు తీసేస్తారు.

ఆ సినిమాకి మాత్రం ఒక కుర్రాడు ఏడాదిన్నర పనిచేసి ఉంటాడు. కథాచర్చల్లో కూర్చున్నాడు, సీన్ పేపర్లు సాఫు చేశాడు, లొకేషన్లు చూడటానికి అరకు వెళ్లొచ్చాడు, క్లాప్ కొట్టాడు, కంటిన్యుటీ రాశాడు, హీరోయిన్‌కి తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిచ్చి పలికించాడు. అతనికి పని వచ్చింది అక్కడే. గట్టిగా చెప్పాలంటే, విడుదలైన సినిమాలో కన్నా ఆగిపోయిన సినిమాలోనే ఎక్కువ నేర్చుకుంటారు. రోజూ ఏదో ఒక ఇబ్బంది వస్తుంది కనుక, ఒకడే నలుగురి పని చేయాలి కనుక. కాగితం మీదికి వచ్చేసరికి ఆ సినిమా పేరు పక్కన ఏం రాయాలో తోచదు. ‘పోస్ట్ ప్రొడక్షన్‌లో ఉంది’ అని రాస్తారు చాలామంది. కొన్ని సినిమాలు పదేళ్లుగా పోస్ట్ ప్రొడక్షన్‌లోనే ఉన్నాయి. చదివేవాళ్లకీ తెలుసు. వాళ్లూ ఒకప్పుడు అలాగే రాసినవాళ్లే, అందుకే మాట్లాడకుండా పేజీ తిప్పుతారు.

‘ఇతర నైపుణ్యాలు’ అనే చోట మాత్రం కాస్త నవ్వొస్తుంది. నటించాలని వచ్చే ప్రతివాడికీ గుర్రపుస్వారీ వచ్చు. ఈత వచ్చు. కత్తిసాము వచ్చు. మన ఊళ్లలో ఇన్ని గుర్రాలు ఎక్కడున్నాయో తెలియదు. పెళ్లి ఊరేగింపులో ఒకసారి ఎక్కి ఉంటాడు, లేదా బీచ్‌లో పది నిమిషాలు. రేపు సెట్లో నిజంగా గుర్రాన్ని తెచ్చి నిలబెడితే చూసుకుందాంలే అన్న ధైర్యం. ఆ ధైర్యం లేనివాడు ఈ దారిలోకి రాడు కూడా.

అదే చోట ఈమధ్య ఒక కొత్త వరస కనిపిస్తోంది. అది చూస్తే సంతోషమేస్తుంది. ‘తెలంగాణ యాస, శ్రీకాకుళం యాస, రాయలసీమ యాస బాగా మాట్లాడగలను’ అని రాస్తున్నారు. ఒకప్పుడు మద్రాసు వెళ్లినవాళ్లు మొదట చేసిన పని, నోట్లోంచి ఊరిని తుడిచేసుకోవడం. ఊరి మాట దొర్లితే కామెడీ వేషం ఇస్తారని భయం. ఇప్పుడు ఆ మాటే అర్హత అయింది. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో నటించినవాళ్లలో చాలామంది విశాఖలోని ఆ కంచరపాలెంవాళ్లే. అంతకుముందు కెమెరా ముందు నిలబడనివాళ్లు. వాళ్లని రెజ్యూమే అడిగి ఉంటే ఏం రాసేవాళ్లు? పేరు, వీధి, ఇంకేం ఉంటుంది?

డైరెక్షన్ వైపు వెళ్లే పిల్లలు ఈ చోట రాసేవి వేరు. బైక్ ఉంది, లైసెన్స్ ఉంది, తెలుగు టైపింగ్ వచ్చు. వెనకటికి చేతిరాత బాగుండాలనేవారు. స్క్రిప్టు పదిసార్లు తిరగరాయాలి కదా, గుండ్రంగా రాసేవాడికి విలువ ఉండేది. టైపింగ్ వచ్చింది గానీ తిరగరాయడం తగ్గలేదు, సెట్లో లైట్లు పెట్టాక కూడా సీను మారుతూనే ఉంటుంది.

నాకు ఆశ్చర్యంగా అనిపించిన సంగతి ఇంకొకటి ఉంది. మాకు తెలిసిన ఒకాయన కొడుకు బీటెక్ చదివాడు, రెండేళ్లు ఉద్యోగం చేశాడు, మానేసి సినిమాల్లోకి వెళ్లాడు. ఆ అబ్బాయి లాప్‌టాప్‌లో రెండు రెజ్యూమేలు ఉన్నాయట. ఒకటి సినిమా ఆఫీసులకి. అందులో ఉద్యోగం చేసిన రెండేళ్లు కనిపించవు. అవి కనిపిస్తే ‘వీడు ఇక్కడ ఉంటాడా, మధ్యలో మళ్లీ ఉద్యోగానికి పోతాడా’ అని అనుమానిస్తారు. రెండోది కంపెనీలకి. అందులో సినిమాల్లో తిరిగిన నాలుగేళ్లు కనిపించవు. ‘ఫ్రీలాన్స్ ప్రాజెక్టు సమన్వయం’ అని ఒక వరసలో సర్దేశాడు. ఒక కాగితం చూపించే మనిషిని ఇంకో కాగితం దాచిపెడుతోంది.

‘‘అబద్ధం కాదు బాబాయ్, నిజంగా సమన్వయమే చేశాను’’ అన్నాడు నాతో. నిజమే మరి. రాత్రి పదకొండింటికి ప్యాకప్ చెప్పాక, పొద్దున ఐదింటికి కాల్‌షీట్ ఉందని యాభైమందికి ఫోన్ చేసి చెప్పడం, వానొస్తే ఏ సీను తీయాలో ముందే ఆలోచించి పెట్టడం, అలిగిన ఆర్టిస్టుని బుజ్జగించి కారవాన్‌లోంచి బయటికి తీసుకురావడం, ఇవన్నీ ఏ కంపెనీలోనైనా పెద్ద జీతానికి చేసే పనులే. అక్కడి భాషలోకి మార్చి రాస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. అతనికి మాత్రం ఆ వరస చూసినప్పుడల్లా ఎవరి గురించో చదువుతున్నట్టు ఉంటుందట.

ఇంట్లోవాళ్లకి మూడోది ఒకటి నోటిమాటగా నడుస్తుంటుంది. పెళ్లిళ్లలో బంధువులు ‘‘అబ్బాయి ఏం చేస్తున్నాడమ్మా?’’ అని అడిగితే ‘‘హైదరాబాద్‌లో ఉన్నాడండీ’’ అంటుంది వాళ్లమ్మ. ఊరి పేరు చెబితే ఉద్యోగం చెప్పినట్టే సరిపెట్టుకోవాలి. నాన్నగారికి నెల జీతం లేని పని అంటే అర్థం కాదు. ‘బేటా’ అని రోజుకి ఇంత ఇస్తారని చెబితే, ‘‘కూలీలాగానా?’’ అంటారు. కోపంతో కాదు, నిజంగానే తెలియక. కానీ ఏదో సినిమా వార్త పేపర్లో వస్తే కత్తిరించి పెట్టేది ఆయనే. అందులో కొడుకు పేరు ఉండదు. కొడుకు ఆ సినిమాకి పనిచేస్తున్నాడని ఆయనకి తెలుసు, అంతే.

ఇది సినిమావాళ్ల సంగతే అనుకుని పక్కన పెట్టేయలేకపోతున్నాను. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ ఉద్యోగంలో చేరదామని కాగితం ముందు కూర్చున్న ఆడవాళ్లకి ఇదే చిక్కు. పన్నెండేళ్లు ఒక ఇంటిని నడిపారు, మంచాన పడ్డ అత్తగారిని చూసుకున్నారు, ఆసుపత్రి బిల్లులూ స్కూలు ఫీజులూ ఒకే జీతంలో ఇమిడ్చారు. కాగితం మీద మాత్రం ఆ పన్నెండేళ్లూ తెల్లగా ఉంటాయి. ఊళ్లో కొట్టు పెట్టి మూసేసినవాడు, రెండేళ్లు గ్రూప్ వన్‌కి చదివి మానేసినవాడు, గల్ఫ్ వెళ్లి ఆరునెలల్లో తిరిగొచ్చినవాడు. వీళ్లందరి దగ్గరా గుమ్మడికాయ కొట్టని సినిమా ఒకటి ఉంటుంది. అందులో వాళ్లు నేర్చుకున్నది చాలా ఉంటుంది. ఎవరైనా తీరిగ్గా అడిగితే గంటసేపు చెబుతారు. కాగితం అడగదు, దానికి తీరిక లేదు.

నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు, చాలా సినిమాలకి కో-డైరెక్టర్‌గా పనిచేశారు. కొత్త సినిమా మొదలైనప్పుడల్లా ఆయన దగ్గరికి ఇలాంటి కాగితాలు కట్టలు కట్టలుగా వస్తాయి. ఇప్పుడు వాట్సాప్‌లో వస్తున్నాయనుకోండి. ఈ పిల్లలు ఇంత మథనపడి రాస్తున్నారు కదా, మీరు ముందు ఏం చూస్తారని ఒకసారి అడిగాను. దర్శకుల పేర్లు చూస్తానంటారనుకున్నాను. లేదంటే చదువు.

‘‘అడ్రసు చూస్తానండీ’’ అన్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకి యూనిట్ బండి బయలుదేరుతుంది. బండి వెళ్లే దారిలో రూము ఉన్నవాడైతే ఎక్కించుకుని వెళ్లొచ్చు. దూరంగా ఉన్నవాడు ఆ వేళప్పుడు బస్సు దొరక్క, ఆటోకి డబ్బుల్లేక వారంలో మానేస్తాడు, పాపం వాడి తప్పేం లేకుండానే. ‘‘ఆ తర్వాత ఫోన్ చేసి, రేపు పొద్దున రాగలవా అని అడుగుతాను. ఎన్ని సినిమాలు చేశాడన్నది టీ తాగేటప్పుడు వాడే చెబుతాడు.’’

మరి దూరంగా ఉన్నవాళ్లకో అన్నాను. అడ్రసు దూరమైనా, కింద ‘బైక్ ఉంది’ అని రాసి ఉంటే పిలుస్తారట.